ప్లాటా, మోకాలా?

రిటైర్మెంటుకు దగ్గరపడిన టీచర్ల కోసం మా బడిలో ఒక శనివారం మధ్యాహ్నం ప్రత్యేకంగా ఉపన్యాసం పెట్టించారు. బడి జూబ్లీ హిల్స్‌లో ఉంది కాబట్టి ఉపన్యాసం ఏసీ హాల్లో జరిగింది. ముందు కాఫీ, తర్వాత కాఫీ, మధ్యలో ముసలితనం. వచ్చిన ఆర్థిక సలహాదారుకు ఆ ఏడాదే మీసం మొలిచినట్టుంది. పెద్దవయసులో మనిషికి ఏ కీలు ఎప్పుడు అరుగుతుందో, దానికి ఎంత ఖర్చవుతుందో మాకు తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించాడు. మేము బుద్ధిగా నోట్సు రాసుకున్నాం. ఇన్నేళ్లు పిల్లల్ని రాసుకోమని అరిచిన వాళ్లం కదా, ఎవరైనా తెర ముందు నిలబడితే మా చేతులు ఊరుకోవు.

"మీ పొదుపు లక్ష్యాలన్నీ ముఖ్యమైనవే మేడమ్. కానీ అన్నీ మొదటివి కాలేవు. ఇంటికెళ్లాక సార్‌తో కూర్చుని, ఏది ముందు, ఏది తర్వాత అనేది మాట్లాడుకోండి," అన్నాడు ఆఖర్న.

పాపం, పెళ్లికాని కుర్రాడు. భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకుంటారని ఎక్కడో చదివి ఉంటాడు.

ఆ బడిలో నా పని తెలుగు చెప్పడం. సినిమావాళ్ల పిల్లలు, సినిమావాళ్లకు అప్పులిచ్చేవాళ్ల పిల్లలు, వాళ్లిద్దరికీ ఇళ్లు కట్టించేవాళ్ల పిల్లలు మా దగ్గర చదువుకుంటారు. తాతగారు తెలుగు డైలాగులతో కట్టిన మేడలో ఉంటూ మనవడు తెలుగు పద్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతాడు. ఆ పద్యాన్ని పేరెంట్స్ డే రోజు అప్పజెప్పిస్తే తాతగారు కళ్లు తుడుచుకుంటారు. నాకు జీతం ఇచ్చేది ఆ కన్నీళ్లకే అని నా అనుమానం.

మా ఆయనది సినిమాలకు ఇంకా దగ్గరి ఉద్యోగం. షూటింగులకు కెమెరాలు, లైట్లు, క్రేన్లు కిరాయికిచ్చే ఒక అవుట్‌డోర్ యూనిట్ ఆఫీసులో మేనేజరు. పెళ్లయిన కొత్తలో చేరిన ఉద్యోగం, ఇక ఏడాదిలో ముగియబోతోంది. హీరో మొహం మీద వెలుగు పడాలంటే ముందు కాగితం మీద ఆయన సంతకం పడాలి. ఈ మాట నేననడం లేదు, నెలకోసారి ఆయనే అంటారు.

నాకు ఆయన కంటే ఒక ఏడాది ఎక్కువ సర్వీసు మిగిలుంది. ఇద్దరికీ పెన్షన్ అని గట్టిగా చెప్పుకోదగ్గది లేదు. ఉన్నదల్లా పీఎఫ్, రాబోయే గ్రాట్యుటీ, బ్యాంకులో వేసుకున్న డిపాజిట్లు. అంతా ఊడ్చి ఒకచోట పోస్తే జూబ్లీ హిల్స్‌లో ఎవరింటి గేటయినా వస్తుందేమో. గేటు వెనకాల ఇల్లు రాదు.

మేముండేది ఫిలింనగర్‌లో, అద్దె మేడగదుల్లో. ఒకప్పుడు, మేము ఇంకా కొనగలిగిన రోజుల్లో, బోరబండలో చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. "సినిమా ఫీల్డోళ్లు మనింటికి రావాలంటే బోరబండకు ఎట్లొస్తరు?" అన్నారు మా ఆయన. అలా ఆ ఇల్లు మానేసి ఫిలింనగర్‌లో అద్దెకు దిగాం. ఇన్నేళ్లలో మా ఇంటికి వచ్చిన సినిమా ఫీల్డు మనిషి ఒక్కడే. మా కింద వాటా అనుకుని పొరపాటున బెల్లు కొట్టాడు.

ఆ కుర్రాడి మాట తీసెయ్యడం ఎందుకని ఆదివారం ఉదయం టీ కప్పు చేతికిచ్చి, టీవీ రిమోట్ నా ఒళ్లో పెట్టుకుని అడిగాను.

"ఏవండీ, రిటైరయ్యాక మన డబ్బుతో ముందు ఏం చెయ్యాలనుకుంటున్నారు?"

"ప్లాటు కొనాలె," అన్నారు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

"ఆ తర్వాత?"

"తర్వాతేముంటది? చిన్న రూము ఏసుకోని దాంట్ల ఉంటం."

ఆయనది సిద్దిపేట వైపు, నాది తెనాలి వైపు. నేను "ఏంటి" అంటాను, ఆయన "ఏంది" అంటారు. ప్రశ్నలో తేడా అంతే. జవాబు ఇద్దరికీ దొరకదు.

"నేను చెప్పేది వినండి. ముందు నా మోకాలు చూపించుకోవాలి. రేపు ఇద్దరిలో ఎవరు మంచాన పడినా ఆసుపత్రికి కొంత డబ్బు పక్కన ఉండాలి. నెలనెలా ఇంత చేతికొచ్చేలా డిపాజిట్ వెయ్యాలి. ప్లాటు సంగతి అవన్నీ అయ్యాక."

"మోకాలు యాడికి పోతది? ఆడనే ఉంటది. ప్లాటు ఆగదు. దినాం రేటు పెరుగుతది."

"మోకాలి నొప్పి కూడా దినాం పెరుగుతోందండీ."

"జర నూనె రుద్దు," అన్నారు. ఆర్థిక ప్రణాళిక మీద మా మొదటి సమావేశం అక్కడితో ముగిసింది.

ఈ రెండు లక్ష్యాలే పడి కొట్టుకుంటుంటే మధ్యాహ్నం భోజనాల వేళకు మూడోది తలుపు తట్టింది. మా అమ్మాయి. కొండాపూర్‌లో ఉంటుంది, మొగుడూ పెళ్లాలిద్దరూ సాఫ్ట్‌వేరే. దానికి రెండు భాషలూ వచ్చు. నాన్నతో పనుంటే తెలంగాణ, నాతో పనుంటే కోస్తా. ఆ రోజు గుమ్మంలోంచే రెండూ మొదలుపెట్టింది. ఇద్దరితోనూ పనుందని నాకు అప్పుడే అర్థమైంది.

అన్నాలయ్యాక ఒక పెద్ద రంగుల కాగితం బల్ల మీద పరిచింది. కొత్తగా కొనబోయే అపార్ట్‌మెంటు నక్ష.

"ఇగో నాన్నా, ఇది మీ రూము," అని ఒక మూల వేలు పెట్టింది. వేలు తీస్తేగానీ గది కనపడలేదు. "అమ్మా, చూడు, ఎంత గాలొస్తుందో!"

కాగితంలోకి గాలి ఎటునుంచి వస్తోందా అని వంగి చూశాను. గది పక్కనే ఇంకో చిన్న గడి ఉంది, 'యుటిలిటీ' అని రాసి.

"ఇదేంటే?"

"అక్కడ వాషింగ్ మెషీన్, అంట్లు తోముకునే సింకు వస్తాయమ్మా."

"ఓహో. మేమూ వాటి వరసలోనే వస్తామన్న మాట."

"అబ్బా, నీతో అదేనమ్మా! ఇప్పుడు మేము చూసుకున్నది రెండు బెడ్‌రూములది. మూడోది తీసుకుంటే మీరు మాతోనే ఉండొచ్చు కదా. తేడాలో సగం మీరు కడితే చాలు. ఎలాగూ రేపు మీరు ఉండేది మా దగ్గరేగా."

మా ఆయన నిర్మాతల దగ్గర కిరాయి రూపాయి కూడా తగ్గించని మనిషి. పెద్ద పెద్దవాళ్లు ఫోన్ చేసి బతిమాలినా "మా ఓనరు ఒప్పుకోడు సార్" అని పెట్టేస్తారు. ఓనరుకు ఆ ఫోన్ వచ్చిన సంగతే తెలియదు. అలాంటి మనిషి ఆ నక్ష మీద కూతురి వేలు చూసి కళ్లు ఒత్తుకున్నారు.

"చూస్తం బిడ్డా," అన్నారు. ఆయన భాషలో దానికి 'సరే' అని అర్థం.

"ఆలోచిస్తాంలే," అన్నాను నేను. నా భాషలో దానికి 'వద్దు' అని అర్థం.

రెండు భాషలూ వచ్చిన మనిషి కాబట్టి మా అమ్మాయి నాన్నను చూసి నవ్వి, నన్ను చూసి నక్ష మడిచింది.

ఆ తర్వాతి వారమంతా మా ఆయన ఫోన్‌లో ప్లాట్లే. ఊరి బయట మామిడితోటలో ప్లాటు, ఏడాదికింత కాపు, చుట్టూ పచ్చదనం, విశ్రాంత జీవితానికి వెలకట్టలేని కానుక. వెలకట్టలేనిదని రాసి, కింద వెల కట్టారు. ఆదివారం ఉచితంగా ఏసీ బస్సులో తీసుకెళ్లి, చూపించి, బిర్యానీ పెట్టి, మళ్లీ ఇంటిదగ్గర దింపుతారట.

"చూసుడుకు పైసలైతయా? పోయొద్దాం," అన్నారు.

ఆదివారం ఫిలింనగర్ చౌరస్తాలో బస్సెక్కాం. లోపల అన్నీ మా వయసు జంటలే. అందరి చేతుల్లో నీళ్ల సీసాలు, ముఖాల్లో గ్రాట్యుటీ. ముందు సీటు దగ్గర టై కట్టుకున్న ఒక కుర్రాడు మైకు పట్టుకుని నిలబడి, మమ్మల్ని అంకుల్స్, ఆంటీస్ అని సంబోధిస్తూ జోకులు చెప్పాడు. ఎక్కడికి వెళుతున్నామని ఒకాయన అడిగితే, "హైదరాబాదే అంకుల్, జస్ట్ కొంచెం బయట," అన్నాడు. హైదరాబాద్ అయిపోయింది. దాని తర్వాత ఊరు అయిపోయింది. మొక్కజొన్న చేలు వచ్చాయి. అవి కూడా అయిపోయాక అతని హైదరాబాద్ వచ్చింది.

పెద్ద స్వాగత ద్వారం, దానికి ఏనుగుల బొమ్మలు. బస్సు దిగగానే మా ఆయన దాని ముందు ఆగిపోయి, చుట్టాన్ని చూసినట్టు మొహం ఇంత చేసుకున్నారు.

"ఏయ్, ఈ ఆర్చి మనదే!"

"మనదేంటండీ?"

"మొన్న పెండ్లి సీను తీసినప్పుడు దీనికే మన లైట్లు గట్టింది. గాడ పీకేసి గీడ వెట్టిండ్రు. గీ ఏనుగు తొండం ఇరిగితే మళ్ల అతికిచ్చిండ్రు, చూడు, అతుకు గూడ కనవడ్తుంది."

"అంటే ఇది ప్లైవుడ్డా? ప్లైవుడ్ ద్వారం పెట్టిన వాళ్ల దగ్గర భూమి కొంటామా?"

"ఆర్చి ప్లైవుడ్ అయితేంది? భూమి ప్లైవుడ్ కాదు గద!" అన్నారు.

తీరా లోపలికి వెళ్లాక నాకూ మనసు లాగింది. వరసగా మామిడిచెట్లు, కొమ్మకొమ్మకూ కాయలు. ఎక్కడా హారన్ మోత లేదు. ఒక చెట్టు కింద పడక్కుర్చీ, అందులో నేను, నా చేతిలో పుస్తకం, దూరంగా తోటకు నీళ్లు పెడుతూ మా ఆయన, ఆయన మాటలు వినపడనంత దూరంగా. ఇంతకంటే ఏం కావాలి? మాఘమాసంలో మామిడికాయలు చూసి అనుమానపడాలని నాకు తోచలేదు. మామిడి ఎప్పుడు పూస్తుందో ఏటా పిల్లలకు పాఠం చెప్పేది నేనే.

ప్లాటు నెంబరు రాసిన రాయి దగ్గరికి టై కుర్రాడు మమ్మల్ని నడిపించుకెళ్లాడు. ఎండ, ఎగుడుదిగుడు నేల. నా మోకాలు అప్పటికే మూలుగుతోంది. మా ఆయన చొక్కా లోపలి జేబులో చేయి పెట్టారు. అందులోంచి చెక్కుబుక్కు అంచు తొంగిచూసింది. చూడటానికి డబ్బులు కావన్న మనిషి చూడటానికి చెక్కుబుక్కు తెచ్చుకున్నారు.

"ముందు ఒక ఫోటో అంకుల్! మీ ప్లాట్‌లో మీ ఫస్ట్ ఫోటో," అన్నాడు కుర్రాడు. "ఆంటీ, మీరు ఆ చెట్టు దగ్గర నిలబడండి."

కాలు లాగుతుండటంతో వెనకనున్న మామిడిచెట్టుకు చేయి ఆనించి, బరువంతా దాని మీద వేసి నవ్వాను. నేను చెట్టుకు ఆనుకున్నాను. చెట్టు మాత్రం దేనికీ ఆనుకుని లేదు.

ఇద్దరం కలిసే పడ్డాం, నేనూ చెట్టూ. మోకాలు మెలిపడి కళ్లు బైర్లు కమ్మాయి. మా ఆయన పరుగున వచ్చి ముందు చెట్టును లేపారు. తర్వాత అడిగితే, చెట్టు నా మీద పడి ఉంది కాబట్టి అలా చేశానన్నారు. చెట్టు నా మీద లేదు, నా పక్కనుంది.

చెట్టును లేపిన మనిషి దాన్ని అలాగే పట్టుకుని మొదలు వైపు చూశారు. వేర్లు లేవు. ఎక్కడో నరికిన కొమ్మను తెచ్చి గుంతలో పాతి మట్టి తొక్కారు. కాయలు ఆకుపచ్చ దారంతో కట్టి ఉన్నాయి. మా ఆయన ఒక కాయను తెంపి, దారం వేలికి చుట్టుకుని, "షూటింగ్ చెట్టు," అన్నారు మెల్లగా.

"ట్రాన్స్‌ప్లాంటేషన్ ఆంటీ," అన్నాడు టై కుర్రాడు, నా చేయి పట్టి లేపుతూ. "వేర్లు తర్వాత వస్తాయి."

"రిజిస్ట్రేషన్ అయ్యాకా బాబూ?" అన్నాను.

అప్పటికే చుట్టుపక్కల ప్లాట్ల నుంచి జంటలన్నీ పోగయ్యాయి. మాతో బస్సులో వచ్చిన ఒక భారీకాయుడు తన ప్లాటుకు తిరిగి వెళ్లి తన చెట్టును ఊపి చూశాడు. ఊడి చేతికొచ్చింది. దాన్ని భుజాన వేసుకుని ఊరేగింపుగా వచ్చాడు. దాంతో అందరూ తలా ఒక చెట్టూ పట్టుకు లాగడం మొదలుపెట్టారు. బీపీలు, షుగర్లు, వెన్నునొప్పులు ఉన్న మనుషులు అంత హుషారుగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపట్లో మామిడితోట పోయి మైదానం మిగిలింది. టై కుర్రాడు ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని ప్లైవుడ్ ద్వారం వెనక్కి వెళ్లిపోయాడు.

పోలీసులను పిలవాలని కొందరు, వీడియో తియ్యాలని కొందరు అరుస్తుంటే, తెల్లజుట్టు పెద్దాయన ఒకరు ముందుకొచ్చి, "ఆ సంగతి తర్వాత, ముందు బిర్యానీ పెట్టించండి," అన్నారు. మా బడికి ఉపన్యాసానికి ఆ మీసాల కుర్రాణ్ణి కాదు, ఈయన్ను పిలవాల్సింది.

తిరుగు ప్రయాణంలో మా ఆయన నా కాలు తన ఒళ్లో పెట్టుకుని, చల్లటి నీళ్ల సీసాను మోకాలికి అదిమి పట్టుకుని కూర్చున్నారు.

"చెక్కు ఇచ్చారా?" అన్నాను.

"ఇయ్యలే," అన్నారు. తర్వాత సీసాను కొంచెం జరిపి, "గీడ నొస్తుందా?" అని అడిగారు. ఆయన ఆ మోకాలిని ముట్టుకుని చూడటం అదే మొదటిసారి.

మర్నాడు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. జూబ్లీ హిల్స్ ఆసుపత్రి అంటే ముందు హోటలు, లోపలికి వెళ్లే కొద్దీ మెల్లగా ఆసుపత్రి. స్కానింగ్ చూసిన డాక్టరు, "నొప్పి ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

"నిన్న చెట్టు పడ్డకాంచి సార్," అన్నారు మా ఆయన.

"చెట్టు నాటకముందు నుంచి," అన్నాను నేను.

పడటం వల్ల వాపు మాత్రమే వచ్చిందని, లోపల మోకాలు ఎప్పుడో అరిగిపోయిందని, ఆపరేషన్ చెయ్యక తప్పదని చెప్పాడు. ఎప్పుడు చేయించుకుంటారో మీ ఇష్టం అన్నాడు. రిటైరయ్యాక తీరిగ్గా చేయించుకుంటానని, బడిలో సెలవు కోసం వెళ్లినప్పుడు హెచ్చార్ విభాగంలోని అమ్మాయితో అన్నాను. ఆ అమ్మాయి కంప్యూటర్ నుంచి మొహం తిప్పి నన్ను జాలిగా చూసింది.

"మేడమ్, స్కూల్ ఇన్సూరెన్స్ మీ లాస్ట్ వర్కింగ్ డే వరకే. ఆ మర్నాడు ఏమీ ఉండదు. మీరు సొంతంగా పాలసీ తీసుకున్నా, ఇప్పటికే ఉన్న జబ్బులకు కొన్నాళ్లు ఆగాలంటారు. చేయించుకునేదేదో సర్వీసులో ఉండగానే చేయించుకోండి."

ఏసీ హాల్లో రెండుసార్లు కాఫీ ఇచ్చారు కానీ ఈ ఒక్క ముక్క చెప్పడం మరిచిపోయారు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఇలాంటిది ఆయనకు వెంటనే ఎక్కుతుంది.

"కిరాయి క్రేను లెక్కన్నట్టు! ప్యాకప్ చెప్పెలోపు వాడుకోవాలె. ప్యాకప్ అయినంక ఒక్క గంట గూడ ఇయ్యరు," అన్నారు. "ఎండకాలం సెలవులల్ల చేయించుకో. నాకు, నీకు సొంత పాలసీ గూడ ఇప్పుడే తీస్కుందాం. నేను రిటైరైనంక ఎవడిస్తడు?"

ఆయన నోట ఇంత సులువుగా వస్తుందనుకోలేదు. నేను గెలిచానన్న ఉత్సాహంలో, "మరి ప్లాటు?" అన్నాను ఎత్తిపొడుపుగా.

ఆయన చెక్కుబుక్కు బీరువాలో పెట్టి వచ్చి కూర్చున్నారు.

"పెండ్లయిన కాంచి ఒకరింట్లనే ఉంటిమి. ఇంకో ఏడాదైతే ఆఫీసు గూడ ఉండది. గిది నాది అని చూపెట్టుకునేటందుకు నాకేముంటది చెప్పు?"

ఎత్తిపొడవడానికి నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ పూట దాన్ని పక్కన పెట్టాను. "నేను లేనూ?" అన్నాను.

"నువ్వు నా దానివైతే ఎన్నడన్న నా మాటింటుంటివి," అన్నారు. ఇద్దరం నవ్వేశాం. అప్పుడు కూర్చున్నాం నిజంగా, ఆ మీసాల కుర్రాడు చెప్పినట్టు. ముందు మోకాలు, పాలసీలు. ఆయన గ్రాట్యుటీ రాగానే ఏడాది ఇంటిఖర్చు బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పెట్టడం. పీఎఫ్ నెలనెలా వడ్డీ వచ్చేలా వెయ్యడం. ప్లాటు పేరెత్తకుండానే చివరికి వచ్చేశాం. ఒకరు చెబితే ఒకరు వినడం నేననుకున్నంత కష్టమేం కాలేదు. కష్టమైనది మిగిలే ఉంది. అది కొండాపూర్‌లో ఉంది.

వేసవి సెలవుల్లో ఆపరేషన్ అయింది. మా అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చి నన్ను చంటిపిల్లలా చూసుకుంది. నడిపించింది, తల దువ్వింది, ఫిజియోథెరపీ చేయించేటప్పుడు నేను తిడితే తిరిగి తిట్టింది. అంత బాగా చూసుకునే పిల్లకు లేదని ఎలా చెప్పాలి? నేను మా ఆయన వైపు చూసేదాన్ని. ఆయన కిటికీ వైపు చూసేవారు.

ఒక సాయంత్రం అదే అడిగింది. "నాన్నా, బిల్డరు రోజూ ఫోన్ చేస్తుండు. మూడు బెడ్‌రూములదా, రెండుదా చెప్పుమంటుండు. ఏం జేద్దాం?"

'చూస్తం బిడ్డా' అంటారని కళ్లు మూసుకున్నాను.

"రెండుదే తీస్కో బిడ్డా," అన్నారు మా ఆయన.

"అదేంది? మరి మీరు?"

"మేము వస్తం. సుట్టాల లెక్క వస్తం, నాలుగు దినాలుంటం. అల్లుడు ఈఎంఐ కడుతుంటే నా రూము అని నేను తలుపేసుకునుడు నాకు మంచిగనిపియ్యది. మా పైసలు మా ముసలితనానికి పెట్టుకున్నం. రేపు అయిపోయినయని నీ ముంగట చెయ్యి చాపేకంటే, ఇయ్యాల లేవని చెప్పుడే నయం."

అది ఆయన మొహంలోకి అలాగే చూసి, నా వైపు తిరిగింది. భాష మార్చింది. "ఇది నీ పనేనా అమ్మా? మీ లిస్టులో నేను ఎన్నోదాన్ని?"

"నువ్వు లిస్టులో లేవే. నీకు చెయ్యాల్సింది చదువప్పుడు, పెళ్లప్పుడు చేసేశాం. ఇక మా ఇద్దరికే రాసుకున్నాం," అన్నాను. మెత్తగా చెప్పాలనే అనుకున్నాను. నా నోరు అంతకంటే మెత్తబడదు.

అది ఏడ్చింది. బట్టలు సర్దుకుని ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లు ఫోన్ లేదు. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే "ఫోన్ జేసిందా?" అనేవారు. లేదంటే అన్నం సగం వదిలేసేవారు. తప్పు చేశామా అని నాకూ అనిపించింది. వాకర్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ, మోకాలి కోసం తిరుగుతున్నానని చెప్పేదాన్ని.

ముందు అల్లుడు ఫోన్ చేశాడు, నా మోకాలు ఎలా ఉందని. కాస్త తటపటాయించి, "అత్తయ్యగారూ, మీ అమ్మాయికి చెప్పకండి. ఆ పెద్ద ఫ్లాటు ఈఎంఐ తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదండీ. మీరు బతికించారు," అన్నాడు. నేను చెప్పలేదు. ఆ తర్వాతి ఆదివారం అమ్మాయి వచ్చింది. చేతిలో నాకు కొత్త చెప్పులు, మోకాలికి మంచివట. ముభావంగానే తొడిగింది. తొడిగాక లేచి నడవమంది. నడిచాను. "వంకరగా నడుస్తున్నావ్," అంది. మళ్లీ తిట్టింది కాబట్టి కోపం పోయిందని అర్థమైంది. రెండు గదుల ఇల్లే కొన్నారు. గృహప్రవేశానికి వెళ్లి, నాలుగు రోజులుందామనుకుని, మూడో రోజుకే నా మంచం నాకు గుర్తొచ్చి వచ్చేశాం.

మా ఆయన రిటైరయ్యారు. శాలువా, పూలదండ, గంధపు దండ, ఫ్రేము కట్టిన దేవుడి పటం ఇచ్చారు. మా యూనిట్‌కు ఆయనే వెలుగని ఓనరు మైకులో చెబుతుండగా కరెంటు పోయింది. లైట్లు కిరాయికిచ్చే ఆఫీసులో పావుగంట అందరం చీకట్లో చప్పట్లు కొట్టాం.

ఆ ఏడే మా ఇంటి ఓనరు అద్దె పెంచాడు. వడ్డీ మీద బతికేవాళ్లకు ఫిలింనగర్ అడ్రసు ఎందుకని టోలిచౌకిలో తక్కువ అద్దెకు, లిఫ్టున్న చోటికి మారిపోయాం. నాకు ఆటోలో బడి దగ్గరే. నా సర్వీసు ఇంకొన్ని నెలలుంది. మా ఆయన మొదట్లో ఇరుకన్నారు, గోలన్నారు. ఇప్పుడు కూరల బండ్ల వాళ్లందరితో ఆయనకు దోస్తానా. రూపాయి కూడా తగ్గించని మనిషి, రూపాయి తగ్గించమని వాళ్లను సతాయిస్తారు.

నెల మొదట్లో వడ్డీ పడగానే ఇద్దరం వీధి చివర ఇరానీ హోటల్‌కు వెళ్లి, చెరో చాయ్ ముందు పెట్టుకుని, ఆ నెల దేనికి ముందు ఖర్చు పెట్టాలో మాట్లాడుకుంటాం. పోయిన నెల చిన్న గొడవైంది. ఆయనకు ఊటీ వెళ్లాలనుంది. నాకేమో కొంతకాలంగా ఒకే మాట నాలుగుసార్లు చెప్పాల్సి వస్తోంది.

"ఊటీ వచ్చే నెల చూద్దామండీ. ఈ నెల ముందు మీ చెవి పరీక్ష," అన్నాను.

ఆయన చాయ్ కప్పు దించి, ఆసక్తిగా ముందుకు వంగారు.

"ఎవలి చెల్లె పరీక్ష? పాసయ్యిందా?"

ఆ నెల దేనికి ముందు అన్నది చర్చ లేకుండా తేలిపోయింది.